మరి నిన్నెవులు పంపినారే?

2018 నవంబరు మూడో వారం. వైజాగ్ నుంచి మా పాత ఖాతాదారు, స్వీట్ షాపాయన, ఫోన్ చేసి "ఏమ్మా, బట్టీ ఎత్తేశారా ఏంటి? మెయిల్ పెడితే తిరిగొచ్చేస్తోంది" అన్నాడు.

ఎత్తెయ్యలేదు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కాశీబుగ్గలో మా చిన్న జీడి బట్టీ రేకులు ఎగిరిపోయి పక్క కల్లంలో పడ్డాయి. జీడిపిక్కల బస్తాలు సగం తడిశాయి. వజ్రపుకొత్తూరు మండలంలో మా సొంతూరైతే ఇక చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. మా వీధికి కరెంటు పద్దెనిమిది రోజులకి వచ్చింది. ఆ ఏడాది దసరా మాకు చీకట్లోనే గడిచింది. ఆ నెలంతా తాగునీళ్లు, జనరేటరు అద్దె, పడిపోయిన చెట్ల లెక్క రాసుకునేవాళ్ల కోసం ఎదురుచూపు, ఇవే సరిపోయాయి. మాకో వెబ్‌సైటు ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

ఆయన ఫోన్ పెట్టేశాక నా మొబైల్‌లో మా సైటు పేరు కొట్టాను. తెల్ల పేజీ. ఈ చిరునామా దొరకలేదని ఒక ముక్క. రేట్ల పట్టికలో డబ్ల్యూ 240 సైజు గుడ్డు, అంటే విరగని పప్పు, ఎంత, 320 ఎంత, బద్ద ఎంత అని నేను వారం వారం మార్చే పేజీ మాయమైంది. దాంతోపాటే ఆర్డర్లొచ్చే మెయిలూ పోయింది. సంక్రాంతికి ఆర్డర్లు వచ్చే కాలమది.

ఆ సైటు 2013లో మా వీధి కుర్రాడొకడు డిగ్రీ చదువుకుంటూ చేసిపెట్టాడు. నాలుగు వేలు తీసుకున్నాడు. డొమైన్, అంటే సైటు చిరునామాగా వాడే పేరు, తన పేరు మీదే కొన్నాడు. మోసమేం కాదు, అప్పట్లో మాలో ఎవరికీ కార్డు లేదు. తర్వాత వాడు బెంగుళూరు వెళ్లిపోయాడు, నంబరు మారింది. వాళ్లమ్మ దగ్గర కొత్త నంబరు తీసుకుని ఫోన్ చేస్తే "అయ్యో అక్కా, ఆ మెయిల్ తెరిచి రెండేళ్లయింది. పాస్‌వర్డే గుర్తులేదు" అన్నాడు.

డొమైన్ అమ్మిన కంపెనీ వాళ్లతో చాట్ మొదలుపెట్టాను. మీరు రిజిస్ట్రెంట్, అంటే పేరు నమోదు చేయించుకున్నవారు, కారు, మీతో మాట్లాడం అన్నారు. పదేళ్లుగా పలాస జీడిపప్పు మీద మా బట్టీ ముద్ర, ఆ పేరుతో బిల్లు పుస్తకాలు, జీఎస్టీ నంబరు అన్నీ ఉన్నాయన్నా. వాళ్లకి కావలసింది రికార్డులో ఉన్న పేరు. ఆ రికార్డేదో చూద్దామని డొమైన్ యజమానుల వివరాలు చెప్పే హూఈజ్‌లో వెతికితే అదీ ఖాళీ. ఆ ఏడాది మే 25న యూరప్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి రావడంతో ప్రపంచమంతా ఆ వివరాలు దాచేశారట. మంచిదే కావచ్చు. నాకు మాత్రం నా ఇంటి తాళం ఎవరి దగ్గరుందో కూడా కనిపించకుండా పోయింది.

కుర్రాడు తన ఆధార్ స్కాన్ పంపి, పాత మెయిల్ మళ్లీ తెరిపించుకుని, నాతో కాన్ఫరెన్స్ కాల్‌లో కూర్చునేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ మెయిల్ తెరిచాక వరుసగా మూడు ఉత్తరాలు కనిపించాయి. ఒకటి సెప్టెంబరులో, డొమైన్ రుసుము కట్టాల్సిన గడువుకి నెల ముందు. ఒకటి వారం ముందు. మూడోది అక్టోబరు 12న, అంటే గడువు దాటిన నాలుగో రోజు, తుపాను వెళ్లిన మర్నాడు. మూడూ ఇంగ్లీషులో, మూడూ బెంగుళూరులో ఉన్న కుర్రాడి పాత డబ్బాలో.

ఏడాదికి తొమ్మిదొందలు కట్టే పేరుని విడిపించడానికి ఎనిమిది వేల చిల్లర అడిగారు. నేను గొడవకి దిగాను. ఆ చాట్‌లో ఉన్నతను, పాపం ఏ ఊరివాడో, నా ధాటికి తట్టుకోలేక "మేడమ్, ఇది మా ఇష్టం కాదు, ఐకాన్ రూలు ప్రకారమే ముందుగా ప్రకటించిన రుసుము" అని ఒక లింకు పంపాడు. ఐకాన్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది ఫోన్ తెర మీది బొమ్మే. ఇది వేరు. డొమైన్ పేర్ల వ్యవస్థని సమన్వయం చెయ్యడానికి 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా పెట్టినది. డాట్‌కామ్, డాట్‌ఆర్గ్ లాంటి పేర్లకి రూల్స్ దాని గొడుగు కిందే తయారవుతాయి. మన డాట్‌ఇన్ సంగతి వేరు, దాన్ని ఢిల్లీలోని నిక్సీ చూస్తుంది.

ఆ రాత్రి ఆ రూలు మొత్తం చదివాను. గడువు తీరిన పేర్లని తిరిగి పొందే విధానం అది. గడువుకి సుమారు నెల ముందు ఒక నోటీసు, వారం ముందు ఒకటి, తీరాక అయిదు రోజుల్లోపు ఇంకొకటి ఇచ్చి తీరాలి. పేరుని చెరిపేసే ముందు కనీసం ఎనిమిది రోజులు సైటు పని చెయ్యకుండా ఆపాలి. చెరిపేశాక కూడా 30 రోజులు పాత యజమాని రుసుము కట్టి విడిపించుకోవచ్చు. ఆ రుసుమెంతో ముందే ప్రకటించాలి. మా పేరు నవంబరు 7న చెరిపేశారు. మేం తేరుకునేసరికి ఆ 30 రోజుల్లో 13 అయిపోయాయి. కుర్రాడి ఆధార్ తంతు అయ్యేసరికి ఇంకో ఆరు. మిగిలినవి పదకొండు. కట్టేశాం, సైటు వచ్చింది. అయితే డొమైన్‌ని నా పేరుకి మార్చుకోగానే 60 రోజులు వేరే కంపెనీకి తీసుకెళ్లకుండా తాళం పడింది. అదీ ఓ రూలే.

ఎనిమిది రోజులు సైటు ఆపడం ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. సైటు ఆగిపోతే యజమానికి తెలుస్తుంది, పరుగెత్తుకొస్తాడు, అదీ లెక్క. ఎంత చక్కటి ఆలోచన! కాకపోతే మా ఉద్దానం ప్రాంతం మొత్తం చీకటైపోయి, సెల్ టవర్లు కూలిపోయి, కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడున్నప్పుడు ఒక సైటు ఆగిందని ఎవడికి తెలుస్తుంది? ఆ రూలు రాసినవాళ్ల బల్ల చుట్టూ తుపాను చూసినవాళ్లు ఎందరున్నారో అనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గడువు తీరాక, చెరిపేసే లోపు, చాలా కంపెనీలు మంచి గిరాకీ ఉన్న పేర్లని వేలం వేసేస్తాయి. అలా చేతులు మారిపోతే ఈ 30 రోజుల వరం వర్తించదు. మా పేరు ఇంటిపేరూ జీడీ కలిపిన పొడుగాటి పేరు. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి బతికింది.

అసలు ఆ 30 రోజుల గడువు రూల్లోకి ఎలా వచ్చిందా అని వెనక్కి తవ్వడం మొదలుపెట్టాను. చలికాలం రాత్రులు, బట్టీలో పని తక్కువ. అంతకుముందు అది కంపెనీల ఇష్టాయిష్టాల మీద నడిచేది, ఒకరిస్తే ఒకరివ్వరు. అమ్మేవాళ్లెవరూ దాన్ని తప్పనిసరి చెయ్యమని అడగలేదు. ఎందుకడుగుతారు? 2008 చివర్లో అడిగింది ఎట్-లార్జ్ సలహా సంఘం అని ఒకటి, ఐకాన్ లోపల మామూలు యూజర్ల తరఫున ఉండే సంఘం. దాని మీద కమిటీ కూర్చుంది, దానికి అధ్యక్షత వహించినది ఆ యూజర్ల సంఘానికే చెందిన కెనడా ఆయన, అలాన్ గ్రీన్‌బర్గ్. 2011లో నివేదిక పూర్తయింది. 2013 ఆగస్టు 31 నుంచి అమలు. అయిదేళ్లు పట్టింది. మా డొమైన్ కొన్నది ఆ ఏడాదే అక్టోబరులో. ఎక్కడో కూర్చుని, పైసా జీతం లేకుండా, ముక్కూమొహం తెలియనివాళ్లు అయిదేళ్లు వాదించిన దాని వల్ల కాశీబుగ్గలో మా పేరు దక్కింది.

ఇది నాన్నకి చెప్పాను. నాన్న వెంటనే "మన నీటి సంగం లాంటిదే కదేటి" అన్నాడు.

మా పొలం వంశధార ఎడమ కాలవకి శివారు. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు వంద కిలోమీటర్లు దాటి రావాలి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు మొదటి ఎన్నికల్లోనే నాన్న శివారు ముక్కకి టీసీ మెంబరుగా, అంటే ఆ ముక్క రైతుల ప్రతినిధిగా, గెలిచాడు. కాలవ మొదట్లో వాళ్లకీ, మధ్యలో వాళ్లకీ, చివరి వాళ్లకీ సంఘంలో చోటుంటుంది. కాగితం మీద అందరూ సమానమే. కానీ మీటింగు ఎప్పుడూ కాలవ మొదట్లో ఉన్న ఊళ్లోనే పెట్టేవారు. నాన్న తెల్లారకముందే లేచి రెండు బస్సులు మారి వెళ్లేసరికి సగం తీర్మానాలు అయిపోయేవి. మిగతా సగం భోజనాలు. "మన గోడు సెప్తే బాగా విన్నార్లే. రాసుకున్నారు కూడాను. నీలు మాత్రం రానేదు" అని ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు.

యూజర్ల సంఘం లెక్క చూస్తే నాన్న మాట నిజమేననిపించింది. అందులో 15 మంది. ప్రపంచాన్ని అయిదు ప్రాంతాలుగా విడగొట్టి తలో ముగ్గురు. ప్రాంతీయ సంఘాలు ఎన్నుకునేవాళ్లు ఇద్దరు, ఐకాన్ పదవులకి మనుషుల్ని ఎంచే నామినేటింగ్ కమిటీ పంపేవారు ఒకరు. ఉత్తర అమెరికాకి ముగ్గురు. భారత్, చైనా, ఇండోనేషియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు అన్నీ కలిపిన మా ఆసియా పసిఫిక్‌కీ ముగ్గురే. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఈ ఒక్క ప్రాంతంలోనే ఉన్నారు మరి. పైనున్న బోర్డులో 16 ఓట్లు, అందులో యూజర్ల సంఘం ఎంచి పంపే డైరెక్టరుది ఒక్కటి. ఆ ఒక్కటీ 2010లో వచ్చింది. డాట్‌కామ్ లాంటి పేర్ల విధానాలు తయారుచేసే మండలిలో అమ్మేవాళ్లకీ, వ్యాపార సంస్థలకీ, వాణిజ్యేతర వర్గానికీ ఓట్లున్నాయి. యూజర్ల సంఘం నుంచి వెళ్లినవారు కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, ఓటెయ్యకూడదు.

ఎప్పుడూ ఇలాగే లేదట. 2000లో ఐకాన్ ఇంటర్నెట్‌లో నేరుగా ఎన్నికలు పెట్టింది. ప్రాంతానికొక డైరెక్టరు, అయిదుగురు. ఎవరైనా పేరు నమోదు చేసుకుని ఓటెయ్యొచ్చు. ప్రపంచం మొత్తం మీద 34 వేల చిల్లర ఓట్లు పడ్డాయి. మా ప్రాంతం నుంచి జపాన్‌కు చెందిన మసనోబు కాటో గెలిచారు. అన్ని కొద్ది ఓట్లతో ప్రపంచానికి ప్రతినిధులేమిటి, ఏ దేశం ఎక్కువమందిని నమోదు చేయిస్తే దానిదే గెలుపు కదా అని విమర్శలొచ్చాయి. 2002లో సంస్కరణలని చెప్పి ఆ ఎన్నికలు ఎత్తేసి, బదులుగా ఈ సలహా సంఘాన్ని నిలబెట్టారు. ఓటు తీసేసి సలహా ఇచ్చారన్నమాట. 34 వేల ఓట్లంటే మా దగ్గర రెండు మూడు పెద్ద మండలాల పోలింగ్ అంత కూడా ఉండదు, నిజమే. అయితే ఓట్లు తక్కువ పడ్డాయని మనం పంచాయతీ ఎన్నికలు రద్దు చేస్తామా?

మరీ ఏకపక్షంగా చెప్పకూడదు. 2016 అక్టోబరు 1న ఐకాన్ మీద ఉన్న అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ తొలగిపోయినప్పుడు బోర్డుని అవసరమైతే దింపే అధికారం అయిదు వర్గాల ఉమ్మడి చేతికి ఇచ్చారు. ఆ అయిదింటిలో యూజర్ల సంఘం ఒకటి. అది చిన్న విషయం కాదు.

ఆ మార్పు జరిగిన తర్వాత ఐకాన్ మొదటి మహాసభ ఎక్కడ జరిగిందో తెలుసా? హైదరాబాద్‌లో. 2016 నవంబరు 3 నుంచి 9 దాకా. ప్యూర్టోరికోలో జరగాల్సింది జికా వైరస్ భయంతో ఇటు మార్చారట. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. ప్రపంచమంతటి నుంచి వచ్చినవాళ్లు అక్కడ మా డొమైన్ల గురించి మాట్లాడుకుని వెళ్లిన తర్వాతి రోజుల్లో నేను కాశీబుగ్గ బ్యాంకు ముందు, పీలింగ్ చేసే ఆడవాళ్లకి కూలి డబ్బుల కోసం క్యూలో నిలబడ్డాను. అలాంటి సభ ఒకటి మన రాజధానిగా ఉన్న ఊళ్లో జరిగిందని రెండేళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు.

2020 మొదట్లో చేరాను. ఆసియా పసిఫిక్ ప్రాంతీయ సంఘంలో వ్యక్తిగత సభ్యత్వం. రుసుము లేదు. ఒక ఫారం నింపాలి, ఎందుకు చేరుతున్నారో రాయాలి. 'నా డొమైన్ తుపానులో పోయింది' అని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. ఒప్పుకున్నారు.

ఇక కాల్స్. వారం వారం విధానాల మీద చర్చ జరిగే కమిటీ కాల్ ఒకటుంది. అందరికీ సమానంగా కష్టం పంచాలని సమయం మారుస్తుంటారు. ఒక వారం మనకి సాయంత్రం ఆరున్నర, ఇంకో వారం అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఆరున్నరకి బట్టీలో రోజు లెక్క కట్టాలి, కూలీలకి డబ్బులివ్వాలి. పన్నెండున్నరకి కళ్లు మూసుకుపోతాయి. నాన్నకి రెండు బస్సులు, నాకు ఇది.

భాష సంగతి సరేసరి. నాకు ఇంగ్లీషు వచ్చు, బీకాం చదివాను. కానీ వాళ్ల ఇంగ్లీషు వేరు. మాటకో పొట్టిపేరు. మొదటి కాల్‌లో నలభై నిమిషాల్లో ఎన్ని పొట్టిపేర్లు విన్నానో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను, కాగితం నిండిపోయింది. మనిషికి రెండు నిమిషాలు. మాట్లాడటం మొదలెట్టగానే తెర మీద గడియారం వెనక్కి తిరుగుతుంది. పెద్ద సభల్లో ఐక్యరాజ్యసమితి ఆరు భాషల్లో అనువాదం ఉంటుంది. తెలుగు సంగతి అటుంచండి, హిందీ కూడా అందులో లేదు.

మూడు నెలలు నోరు విప్పలేదు. నాలుగో నెలలో విప్పాను. ముందే రాసుకుని, అద్దం ముందు చదువుకుని, గడియారం పెట్టుకుని ఒక నిమిషం యాభై సెకండ్లకి కుదించాను. మూడు విషయాలు చెప్పాను. నోటీసు ఒప్పందం ఉన్న భాషలో ఇస్తే చాలంటోంది రూలు. మా ఊళ్లో ఆ ఒప్పందం చదివినవాడు లేడు, ఆ నోటీసు కొనుక్కున్నవాడికి కాక సైటు చేసిపెట్టినవాడికి పోతోంది. రెండోది, ఫోన్‌కి మెసేజి కూడా ఇవ్వండి, మా దగ్గర మెయిల్ చూడనివాళ్లు కూడా ఫోన్ చూస్తారు. మూడోది, తుపాన్లు వచ్చిన ప్రాంతానికి గడువు పెంచే ఏర్పాటు ఉండాలి.

ఆస్ట్రేలియా నుంచి ఒకావిడ, నా కంటే వయసులో పెద్దావిడ, చాట్‌లో వెంటనే 'ఇలాంటివి మేం వినాలి' అని రాసింది. కాల్ నడుపుతున్నాయన థాంక్స్ చెప్పి, అది ఇవాళ్టి అజెండాలో లేదు, నోట్ చేసుకున్నాం అన్నాడు. నాకు నాన్న గుర్తొచ్చి మ్యూట్‌లో నవ్వేశాను. రాసుకున్నారు కూడాను.

పొద్దున్న టీ తాగుతూ ఇదంతా నాన్నకి చెప్పాను. నాన్న శ్రద్ధగా విని గ్లాసు కింద పెట్టి అడిగాడు. "సరేగాని, మరి నిన్నెవులు పంపినారే? నాకైతే మన శివారోలు ఓటేసినారు. నీకు ఎవులేసినారు?"

సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నాతో ఆ కాల్స్‌లో ఉండేవాళ్లెవరు? లాయర్లు, ప్రొఫెసర్లు, రిటైరైన ఇంజనీర్లు, నెట్ సంఘాలు నడిపేవాళ్లు. దాదాపు అందరూ మంచివాళ్లు, రాత్రులు మానుకుని పనిచేస్తారు. కానీ మామూలు యూజర్ అని వాళ్లు చర్చల్లో తలచే మనిషిని వాళ్లలో చాలామంది కలిసి ఉండరు. నేను కలిశానా? నేనూ నా కష్టమే చెప్పాను. పక్క బట్టీ ఆయనని కూడా అడగలేదు.

అందుకని అడగడం మొదలెట్టాను. సర్వేలాంటిదేం కాదు. పనిమీద ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న: మీ సైటు ఎవరి పేరు మీదుంది? జీడి వ్యాపారులు, కొబ్బరి పీచు యూనిట్ ఆయన, పొందూరు ఖద్దరు అమ్మే ఒకాయన, నరసన్నపేటలో నగల కొట్టు, ఒక చిన్న కాన్వెంటు ప్రిన్సిపాల్ మేడమ్. ఎక్కువమంది "మాదే" అని గట్టిగా అన్నారు. ఫోన్లో లాగిన్ చూపించమంటే డిజైనరు నంబరు వెతికారు. నగల కొట్టు కుర్రాడు "డొమైన్ కూడా ఎక్స్‌పైర్ అవుద్దా, కొనీసినాం కదక్కా" అన్నాడు. కొనేశాం అనుకోవడమే అసలు తప్పు. ఎవరూ డొమైన్ కొనరు, ఏడాదికింతని అద్దెకి తీసుకుంటారు. ఈ ఒక్క ముక్క తెలుగులో ఎవరైనా బిల్లు మీద ముద్రిస్తే సగం గొడవలు తగ్గుతాయి.

ఖద్దరాయన వేరే మాట అన్నాడు. "అమ్మా, పేరే ఇంగ్లీషులో ఉంటే నేను నోటీసు ఏం చదువుతాను? తెలుగులో పేరు పెట్టుకోకూడదా?" పెట్టుకోవచ్చు. డాట్‌భారత్ తెలుగు లిపిలో 2011 నుంచే ఉంది. అక్షరాల నియమాలు కూడా మన పండితులు, సాంకేతికులు కూర్చుని రాశారు. తెలుగు, కన్నడ లిపుల్లో కొన్ని అక్షరాలు కవలల్లా ఉంటాయి కదా, ఒకదాని చోట ఇంకోటి పెట్టి మోసం చెయ్యకుండా వాటిని జంటలుగా గుర్తించి కట్టడి పెట్టారు. 2019లో అవి డాట్ తర్వాత వచ్చే పైస్థాయి పేర్ల నియమావళిలో చేరాయి. కానీ ఖద్దరాయన కోసం తెలుగు మెయిల్ చిరునామా ఒకటి ప్రయత్నిస్తే, మొదట నింపిన ఫారమే 'సరైన చిరునామా ఇవ్వండి' అని ఎర్రగా చూపించింది. అన్ని ఫారాలూ అన్ని లిపుల చిరునామాలూ తీసుకోవాలని ప్రచారం చేస్తూనే ఉన్నారు. ఆయన ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను.

తర్వాతి కాల్‌కి వీళ్ల మాటలు పట్టుకెళ్లాను. పేర్లు చెప్పకుండా, ఒక్కొక్కరిది ఒక్కో వాక్యం. ఈసారి రెండు నిమిషాలు అయిపోయినా గడియారం ఎవరూ మోగించలేదు. రూలు మాత్రం మారలేదు. అయితే యూజర్ల సంఘం తయారుచేసిన ఒక అభిప్రాయ పత్రంలో, చిన్న వ్యాపారుల పేర్లు డిజైనర్ల చేతిలో చిక్కుకుపోవడం గురించి ఒక వాక్యం చేరింది. ఆ వాక్యం ఇంగ్లీషుని నేను మూడుసార్లు దిద్దించాను. అది నా మొత్తం సంపాదన.

మామూలు జనం మాటకి బరువెంత అన్నది నేను చేరిన ఏడాదే కళ్లారా చూశాను. 2019లో డాట్‌ఆర్గ్ ధరల మీద ఉన్న పరిమితి ఎత్తేస్తామని ఐకాన్ అభిప్రాయాలు అడిగితే మూడు వేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అన్నీ వద్దనే. ఎత్తేశారు. అదే ఏడాది నవంబరులో ఆ డాట్‌ఆర్గ్ పేర్లని నడిపే రిజిస్ట్రీనే ఒక పెట్టుబడి సంస్థకి 113.5 కోట్ల డాలర్లకి అమ్మే ఒప్పందం బయటికొచ్చింది. సేవాసంస్థలన్నీ గగ్గోలు పెట్టాయి. 2020 ఏప్రిల్ మధ్యలో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఒక ఉత్తరం రాశారు, ఒప్పుకోవద్దని. ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు తిరస్కరించింది. ఆ ఒక్క ఉత్తరమే కారణం అనను, జనం గోల లేకపోతే ఆయన రాసేవారూ కాదేమో. మూడు వేల ఉత్తరాలకి కదలనిది ఆ తర్వాత కదిలిందన్నది మాత్రం నిజం. కలెక్టరు గారికి చెప్తే తప్ప కాలవ మీద షట్టరు కదలదని నాన్నకి ఇది వివరించక్కర్లేకపోయింది.

అలా ఉంటూ, మానుతూ, మళ్లీ వెళుతూ నాలుగేళ్లయింది. పన్నెండున్నర కాల్స్ మానేశాను. ఆరున్నరవి వింటూ లెక్కలు రాసుకుంటాను, మాట్లాడాల్సి వస్తే పెన్ను కింద పెడతాను.

2024 వేసవిలో నాన్న ఫోన్‌కి మెసేజి వచ్చింది. కరెంటు బిల్లు బకాయి ఉంది, ఈ రాత్రి తొమ్మిదిన్నరకి కనెక్షన్ తీసేస్తాం, ఈ లింకులో కట్టండి. తిత్లీ తర్వాత కరెంటు పోవడం అంటే నాన్నకి ప్రాణం గజగజ. కార్డు తీసుకుని నా దగ్గరికొచ్చాడు. చూస్తే లింకులోని పేరు కరెంటు కంపెనీ అసలు పేరుకి ఒక అక్షరం తేడా.

ఆ ఏప్రిల్ 5 నుంచే కొత్త రూలు వచ్చింది. దొంగ పేజీలతో వివరాలు లాగే ఫిషింగ్ లాంటివాటికి డొమైన్ వాడుతున్నారని తగిన ఆధారం ఇస్తే అమ్మిన కంపెనీ ఊరుకోకూడదు, వెంటనే ఆపే చర్య తీసుకోవాలి. అంతకుముందు ఫిర్యాదు తీసుకుని విచారిస్తే సరిపోయేది. యూజర్ల సంఘం ఏళ్ల తరబడి అడిగినవాటిలో ఇదొకటి. నేను మెసేజి స్క్రీన్‌షాట్ తీశాను, పేజీ ఎలా ఉందో తీశాను, డొమైన్ ఏ కంపెనీ దగ్గర కొన్నారో వెతికి, వాళ్ల ఫిర్యాదుల చిరునామాకి రెండూ జతచేసి పంపాను. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ నంబరు నుంచి అన్నీ రాశాను. వచ్చిన టికెట్ నంబరు నాన్నకి చూపించాను. మూడో రోజు పొద్దున్న ఆ పేజీ తెరుచుకోలేదు.

"మూడు రోజులేటి!" అన్నాడు నాన్న. "పైనోలి షట్టరు దించమని మా కాలవ లస్కరుకి సెప్తే పదిరోజులు పట్టీది."

తర్వాతి వారం అదే మెసేజి మళ్లీ వచ్చింది, ఇంకో అక్షరం తేడాతో. నాన్న ఫోన్ తెచ్చి నా లెక్కల పుస్తకం మీద పెట్టాడు. "మల్లీ దించాల" అన్నాడు.